పేటలోకి బండి రాదు

కోనసీమ అందం గురించి రాసినవాళ్ళకి లెక్క లేదు. కొబ్బరాకుల గలగలలు, పడవ పాటలు, పూతరేకులు, పులసలు అన్నీ రాశారు. ఆ అందంలోకి వచ్చే బండి ఎక్కడ ఆగిపోతుందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆగిపోయిన చోట దిగి నడిచినవాళ్ళం మేం కాబట్టి అది మేమే రాయాలి.

అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం. నాలుగు పక్కలా నీళ్ళున్న దీవి కోనసీమ. ఆ దీవిని మళ్ళీ వైనతేయ చీలుస్తుంది. ఆ ఏటి పక్కన లంక మాది. లంకలో కూడా ఊరు మెరక మీద ఉంటుంది, పేట పల్లంలో ఉంటుంది. ఈ మెరకా పల్లం గోదారమ్మ పంచిపెట్టింది కాదు. నేను 1986 ఆగస్టు వరదలో పుట్టాను. పేట మునిగిపోతే ఏటిగట్టు మీద నాలుగు తాటాకులు అడ్డంపెట్టి మాయమ్మ నన్ను కన్నది. ఈనాడు టూరిస్టులు ఫొటోలు దిగే గట్టే అది.

మా నాన్న కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. చెట్టుకింత అని కూలి. చెట్టు చివరిదాకా ఎక్కొచ్చు గానీ చెట్టుగలాయన అరుగు ఎక్కకూడదు. నా ఏడో ఏట చెట్టు మీంచి పడ్డాడు, నడుం పోయింది. ఆ మరుసటేడు, 1994లో, మాయమ్మ కువైటు వెళ్ళింది. ఇరవై నంబరు వీసా. మా వైపు దాన్ని ఖద్దామా వీసా అంటారు. ఖద్దామా అంటే అరబ్బీలో పనిమనిషి. ఉన్న పుస్తెలు, లేని అప్పు కలిపి ఏజెంటు చేతిలో పోసి వెళ్ళింది. నేను ఎదిగిన పదిహేనేళ్ళూ నాకు మాయమ్మ అంటే ఉత్తరాలు, క్యాసెట్లో గొంతు, ఆ తర్వాత ఎస్టీడీ బూతులో మూడు నిమిషాలు.

2009లో ఇక వెళ్ళనని వచ్చేసింది. నేనూ మా మావయ్యా శంషాబాదు విమానాశ్రయానికి ఎదురెళ్ళాం. అప్పటికి అది తెరిచి ఏడాదే అయింది. గల్ఫు నుంచి వచ్చేవాళ్ళని నలుగురైదుగురిని కలిపి ఒకే వ్యాన్లో వేసుకుని కోనసీమ తీసుకొచ్చే బళ్ళు బయట కాసుక్కూర్చుంటాయి. మనిషికింత, పెట్టెకింత, ఇంటి గుమ్మం దాకా అని బేరం. మా బండిలో నలుగురాడాళ్ళు. నలుగురూ ఖద్దామాలే. పైన తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు, బ్లాంకెట్లు, నిడో డబ్బాలు. ఏ పెట్టె ఎవరిదో పేరు చూస్తే గానీ తెలీదు. ఆ నలుగుర్లో పక్క ఊరావిడ ఒకామె, ఊరివైపు మనిషి. కువైటులో శుక్రవారాలు వీళ్ళు కలుసుకునేవారట. మాయమ్మకి జొరమొస్తే గంజి కాచి తెచ్చిన మనిషట.

"వదినా, కాళ్ళు ఇటు చాపుకో" అనేది మాయమ్మని.

"పర్లేదు వదినా" అనేది మాయమ్మ.

సూర్యాపేట దగ్గర బండి ఆపితే ఒకే పళ్ళెంలో ఇడ్లీ తిన్నారు. నా కళ్ళారా చూశాను.

తెల్లారుజామున సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కాం. వశిష్ఠ దాటాం. కోనసీమ గాలి తగిలింది. తగలగానే ఆవిడ పైట సర్దుకుంది. మాయమ్మ పక్కనుంచి లేచి వెళ్ళి ముందు సీట్లో కొడుకు పక్కన కూచుంది. రావులపాలెం సెంటర్లో టీ తాగినప్పుడు "నీకు కూడా చెప్పమంటావా?" అంది. వదినా అనలేదు. మాయమ్మ "వద్దండి" అంది. ఆవిడ ఏటి అవతల వదినె, ఏటి ఇవతల అండి. రాత్రంతా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న మనుషులు!

ఆ రోజుల్లో యూనివర్సిటీలో నాకు పాఠాలు చెప్పే అన్నలుండేవారు. కులం పైపైన ఉండేదమ్మా, అసలుది వర్గం అనేవారు. నాలుగిళ్ళల్లో అంట్లు తోమిన నలుగురాడాళ్ళకంటే ఒకే వర్గం ఇంకెక్కడుంటుంది అన్నలూ? మీ వర్గ సిద్ధాంతం మా సిద్ధాంతం బ్రిడ్జి దాకానే నడిచింది. బ్రిడ్జి దాటాక కులం బండెక్కింది. టిక్కెట్టు కూడా తీసుకోలేదు.

ఆవిడ ఇంటిదగ్గర గుమ్మం దాకా బండి వెళ్ళింది. డ్రైవరు దిగి పెట్టెలు మోసి అరుగు మీద పెట్టాడు. తర్వాత మా లంక సెంటరుకొచ్చి బండి ఆపాడు.

"దిగండి. పేటలోకి బండి రాదు."

"గుమ్మం దాకా అన్నారు గదా?" అన్నాన్నేను.

"సందు ఇరుకు. పట్టదు."

కొబ్బరికాయల లారీ పట్టే సందది. ఓట్లప్పుడు జీపులు పట్టే సందది. వ్యాను పట్టదట! ఇదే మాట నేను అంటుంటే మాయమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊరుకో అమ్మాయ్. పదిహేనేళ్ళు ఎడారిలో నడిచాను, ఈ ఫర్లాంగు నడవలేనా" అంది. కిరాయి మాత్రం గుమ్మం దాకా లెక్కే పుచ్చుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే ఈ కథలో నేను చాలా మంచిదాన్ని. ఆపను. నాలుగో ఆమె సంగతి చెప్పాలి. ఆమెది మా పేట కాదు. మా పేటకి అవతల మాదిగగూడెం. ఆమెనీ అక్కడే దింపేశాడు. మా బంధువులు తోపుడుబండి తెచ్చారు. మా పెట్టెలు వేసుకున్నాం. బండి మీద ఇంకా చోటుంది. ఆమె చుట్టకుదురు చేసుకుని పెట్టె నెత్తిన ఎత్తుకుంది. మా మావయ్య చూశాడు. మాయమ్మ చూసింది. నేను చూశాను. "ఆ పెట్టె కూడా ఇందులో పెట్టమ్మా" అని ఒక్క నోరూ రాలేదు. మమ్మల్ని సెంటర్లో దింపిన వ్యాను మీద నాకు ఎంత కోపమొచ్చిందో, మా తోపుడుబండి చేసిన పని మీద నాకంత సిగ్గు రాలేదు. రావడానికి ఏళ్ళు పట్టింది. దండోరా ఉద్యమం మొదలైంది 1994లో, మాయమ్మ కువైటు వెళ్ళిన ఏడే. వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. ఈ మధ్యకాలమంతా మా పేటలో చాలామంది "మనల్ని విడగొడుతున్నారు" అన్నారు. ఎప్పుడు కలిసున్నాం, విడగొట్టడానికి? ఆ పెట్టె నా నెత్తి మీద ఉండి ఉంటే ఆ మాట నా నోట వచ్చేదా?

మా కోనసీమ మర్యాదకి పెట్టింది పేరు గదా. ఆయ్ అంటారు, అండి అంటారు, గారండీ అంటారు. సినిమాల్లో నవ్వుకోవడానికి కూడా అదే పెడతారు. ఆ అండి ఎంతసేపుంటుందో నేను గడియారం పెట్టి చూశాను. 2024 సంక్రాంతికి హైదరాబాదు నుంచి మధురపూడి విమానాశ్రయంలో దిగాను. మాయమ్మ ఖద్దామా చేసిన డబ్బుతో చదువుకుని కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. విమానం టిక్కెట్టు నా జీతంతో కొన్నది. బయట షేరింగు బండి. డిండి రిసార్టుకి సెలవులకి పోయే ఒక కుటుంబం, పండక్కి అత్తారింటికి వచ్చిన ఒక పెద్దాయన, నేను. రాజమండ్రి, కడియపులంక పూలమొక్కలు, జొన్నాడ బ్రిడ్జి. గౌతమి మీదకి రాగానే ఆ కుటుంబం కిటికీలు దించి "అచ్చం కేరళే!" అన్నారు.

పెద్దాయన నావైపు తిరిగాడు.

"తవరిదే ఊరండీ?"

"ఫలానా లంకండి."

"ఆయ్, ఎరుగుదునండి. లంకలో ఏ వైపండీ?"

"రేవు వైపండి."

"ఇంటిపేరు?"

చెప్పాను.

"అలాగా. మరి నువ్వు చేసేదేంటి?"

ఏడు నిమిషాలు. తవరు నుంచి నువ్వు దాకా ఏడు నిమిషాలు. రావులపాలెం కూడా రాలేదు. ఆ అండిని నేను దొంగిలించినట్టూ, ఆయన తిరిగి తీసేసుకున్నట్టూ మొహం పెట్టాడు. డబ్బులొస్తే కులం పోతుందనే మావాళ్ళకి ఒక మాట చెప్తాను. దినారుకి మారకం ఉంది. డిగ్రీకీ ఎంతోకొంత మారకం ఉంది. కులానికి మారకం లేదు.

దారిలో జిల్లా బోర్డు కనపడింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. "కోనసీమ అంటే సరిపోయేది, ఇంత పొడుగు పేరెందుకో" అన్నాడాయన, ఎవరితోనూ కాకుండా. పొడుగు పేర్లు తెలుగువాళ్ళకి కొత్తా? పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పొడుగు కాదా? ఆ పేరుకి ఎవరిల్లైనా తగలబడిందా? 2022 మే 24న అమలాపురంలో తగలబడ్డాయి. దళితుడైన మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. గౌతమి మీద యెదుర్లంక బ్రిడ్జికి బాలయోగి పేరుంటే ఓర్చుకున్నారు. బ్రిడ్జి దాటిపోయేది. జిల్లా అలా కాదు, ఇంటి చిరునామాలో రాసుకోవాలి. తన చిరునామాలో మా మనిషి పేరు రాసుకోవాలంటే చెయ్యి రాలేదు. అదీ అసలు సంగతి. ఆ జూలైలోనే వరదొచ్చింది. లంకలు మునిగాయి. నీళ్ళు మాత్రం ఏ పేరు జిల్లా అని అడగలేదు.

ఆ బోర్డు మీదున్న ఆయనకి బండి అంటే ఏంటో బాగా తెలుసు. 1901లో, తొమ్మిదేళ్ళవాడు, అన్నతోనూ మేనల్లుళ్ళతోనూ కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూరు స్టేషన్లో దిగితే మహర్ పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. ఎలా? పిల్లలే బండి తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. 1929లో, బారిస్టరై తిరిగొచ్చాక, చాలీస్‌గావ్‌లో జట్కావాడు ఆయన్ని ఎక్కించుకుని తోలనన్నాడు. జట్కా ఇస్తాను, తోలేది మీవాడే అన్నాడు. తోలడం రాని మనిషి తోలితే జట్కా వంతెన దగ్గర తిరగబడి ఆయన కాలు విరిగింది. ఇవన్నీ ఆయన తనే రాసుకున్నాడు. దానికి పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. మాయమ్మకి కువైటు వీసా మూడు నెలల్లో వచ్చింది. సెంటరు నుంచి పేట దాకా వీసా ఇంకా రాలేదు.

ఇదేదో ఒక డ్రైవరు బుద్ధి అనుకునేరు. చుండూరులో 1991లో మొదలైంది దేంతో? సినిమా హాల్లో కాలు తగలడంతో. సీటు పక్కన సీటు, కాలు పక్కన కాలు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. డబ్బిచ్చి కొనుక్కున్న సీటు కూడా మనది కాదనే చెప్పడం అది. పబ్లిక్ బండి ఎక్కకుండా అడ్డుకుంటే నేరమని 1955 నాటి పౌరహక్కుల చట్టంలోనే ఉంది. ఎక్కనిస్తారు. ఎక్కాక ఎక్కడ దింపుతారన్నది చూడండి. ఈనాటి అంటరానితనం ఎక్కేచోట ఉండదు, దిగేచోట ఉంటుంది.

మా సెంటరు వచ్చింది. డ్రైవరు కుర్రాడు అద్దంలోంచి నన్ను చూశాడు. "మేడమ్, డిండి వాళ్ళకి లేటవుతుంది, ఇక్కడ..." అని నసిగాడు.

"ఇంటి దాకా అని డబ్బు కట్టాను. ఇంటి దాకా పోనియ్యి" అన్నాను. 2009లో నా చెయ్యి పట్టుకున్న చెయ్యి ఆ రోజు పక్కన లేదు.

పెద్దాయన సణిగాడు. బండి సందులోకి తిరిగింది. అటూ ఇటూ జానెడు జానెడు మిగిలింది. డిండి వాళ్ళ పాప "మమ్మీ, ఇక్కడ కూడా కొబ్బరిచెట్లున్నాయి" అంది. నా పెట్టె దింపుతూ ఆ కుర్రాడు గొంతు తగ్గించి అన్నాడు: "ఏమనుకోకక్కా. నేనూ మనోణ్ణే. అవతల రేవు పేట. ఓనరుకి తెలుసు. ఎక్కేవాళ్ళకి తెలీకుండా చూసుకోమన్నాడు. పేటలోకి తిప్పితే అనుమానపడతారని..." అద్దానికి ఏ బొమ్మా లేదు. బాబాసాహెబు స్టిక్కరు పర్సులో దాచుకున్నాడు, తీసి చూపించాడు. బండి మనవాడి చేతిలోకి వచ్చినా దారి ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది.

గుమ్మంలో మాయమ్మ నిలబడి ఉంది. "ఇక్కడి దాకా వచ్చిందే బండి!" అంది. ఆ మాట విని నాకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. కట్టిన డబ్బుకి రావాల్సిన బండి వస్తే మాయమ్మ ఆశ్చర్యపోవాలా?

నేను ఆ కుర్రాడితో అన్నాను: "తమ్ముడూ, వెనక్కి తిప్పకు. ఇలాగే ముందుకెళ్ళు. గూడెం లోంచి ఏటిగట్టు ఎక్కి రోడ్డుకి పోవచ్చు. గూడెం మీదుగా పో." వాడు నన్ను ఒక్క క్షణం చూసి బండి ముందుకే పోనిచ్చాడు. నాలుగో ఆమె ఇల్లు ఆ దారిలోనే. ఆమె లేదిప్పుడు. ఒక వ్యాను ఆమె గుమ్మం ముందు నుంచి పోయినంత మాత్రాన పదిహేనేళ్ళ కింద నేను మూసుకున్న నోటికి పరిహారం కాదు. తెలుసు.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఉద్యమాల్లో తిరిగే అన్నలూ అక్కలూ, మీకో పని చెప్తాను. విగ్రహం పెట్టండి, పేరు కోసం కొట్లాడండి, నేనూ వస్తాను. దాంతోపాటు మీ మండలంలో బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆటో ఎక్కడ తిరిగిపోతుందో, నూటెనిమిది బండి ఏ మలుపులో ఆగి పేషెంటుని మోసుకురమ్మంటుందో రాయండి. ఊళ్ళవారీగా రాయండి. పేట దగ్గర కలం ఆపకండి, గూడెం దాకా రాయండి. బండెక్కే ముందు అడగండి, చివరి ఇంటి దాకా వస్తావా అని. రానంటే దిగకండి. మన పేట వచ్చేసిందని కూడా దిగిపోకండి. చివరి ఇల్లు మనది కాదు, ఇంకా ముందుంది.