మెదడు పరిశోధన - జాతీయ కర్తవ్యం

నెల్లూరు సీమకు తూర్పున బంగాళాఖాతం, పడమట మెట్ట భూములు, వెలికొండలు ఉన్నాయి. ఈ రెండు అంచులలోనూ భారతదేశ విజ్ఞానశాస్త్ర చరిత్రకు చెందిన రెండు ఘట్టాలు జరిగాయి. ఒకటి లోకమంతటికీ తెలిసినది. రెండవది ఆ సీమవాసులలోనే చాలామందికి తెలియదు.

పులికాటు సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇక్కడి నుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 వాహనం గమ్యం చేరక సముద్రం పాలయింది. పేదదేశానికి ఈ ఆడంబరమెందుకని అడిగినవారు ఆనాడు లేకపోలేదు. అయినా ప్రభుత్వం నిధులు నిలుపలేదు. 1980 జూలై 18న అటువంటి వాహనమే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినదీ ఆ తీరం నుండే. ఒక దేశం ఒక శాస్త్రాన్ని తన సొంత పనిగా భావించి, ఓటమిని కూడా ఖర్చులో భాగంగా లెక్కవేసుకొని, దశాబ్దాల తరబడి పోషిస్తే ఏమి సాధించగలదో చూడడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

రెండవ ఘట్టం 1937 నాటిది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలలో మనుషుల ఎముకలు బిగుసుకొనిపోయే ఒక వింత వ్యాధి కనిపించింది. దుక్కిటెద్దులు కీళ్లు పట్టి నడవలేకపోవడాన్ని రైతులు అంతకు ముందే గమనించారని చెబుతారు. శాస్త్రజ్ఞుల కంటె ముందు కాడి పట్టినవాడే రోగాన్ని గుర్తించాడన్న మాట! మద్రాసు సమీపంలోని గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు పరిశీలన జరిపి, దీనికి కారణం బావినీటిలో మితిమీరిన ఫ్లోరైడు అని ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించిన తొలి శాస్త్రీయ నివేదిక ఇదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకాలు అందులో చేరాయి.

ఫ్లోరోసిస్ అనగానే గారపట్టిన పళ్లు, వంగిన ఎముకలు జ్ఞాపకం వస్తాయి. కాని దాని దెబ్బ అక్కడితో ఆగదు. వెన్నుపూసల మీదా, వాటిని కట్టి ఉంచే స్నాయువులలోనూ ఎముక వంటి పదార్థం పేరుకొనిపోతుంది. వెన్నుపాము ఉండే నాళం ఇరుకవుతుంది. క్రమంగా నరాలు నలిగి, కాళ్లు చచ్చుబడి, మనిషి మంచాన పడతాడు. ఈ నరాల నష్టాన్ని హైదరాబాదులో శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి సాయంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్గొండ పేరు పెట్టింది. నలిగిన వెన్నుపాముకు పూర్వపు శక్తిని తెచ్చే మందు లేదు. నీటిని మార్చడమే అసలైన చికిత్స. ఆ సంగతి తెలియడానికి మాత్రం పరిశోధనే కావలసి వచ్చింది.

పరిశోధనను అర్ధాంతరంగా విడిచిపెడితే ఏమవుతుందో తెలుగునేల మరొకసారి చూసింది. 1965లో మహారాష్ట్రలోని చాందీపుర గ్రామంలో ఒక వైరస్‌ను కనుగొన్నారు. పేరు పెట్టారు, కొంత పరిశీలించారు, ఆ తరువాత అది దాదాపు మరుగున పడింది. 38 సంవత్సరాల తరువాత, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు మెదడువాపు సోకింది. ఉదయం ఆడుకొన్న బిడ్డ ఒకటి రెండు రోజులలో కన్నుమూసే తీవ్రత దానిది. లెక్కకు వచ్చిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. పుణె శాస్త్రజ్ఞులు అందుకు చాందీపుర వైరసే కారణమని తేల్చారు. 2024లో గుజరాత్‌లో ఆ వ్యాధి మళ్లీ విజృంభించిన నాటికి కూడా దానికి టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేవు. శత్రువు పేరు తెలిసిన తరువాత కూడా ఇంతకాలం ఆయుధం సిద్ధం చేసుకొనకపోవడాన్ని దురదృష్టమని సరిపెట్టుకోవడం న్యాయం కాదు. మరొక మెదడువాపు వ్యాధి విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. కర్ణాటకలోని కోలారులో వేరుచేసిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ నుండి హైదరాబాదు సంస్థ ఒకటి టీకా తయారుచేయగా, 2013లో అది వాడుకలోకి వచ్చింది. చేయలేని పని కాదు, చేయవలసిన పనిగా ఎంచుకొనకపోవడమే లోపం.

ఇక రాబోయేది వృద్ధాప్యపు భారం. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటిన భారతీయులలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, మతిమరుపు వ్యాధితో ఉన్నారు. పట్టణాలలో కంటె పల్లెలలో, పురుషులలో కంటె స్త్రీలలో ఇది ఎక్కువ. దారి మరచిన తల్లిని వీధి వీధి తిరిగి వెదికే కొడుకు, "వయసు మీద పడింది" అని సర్దిచెప్పుకొనే కోడలు నెల్లూరు తీరపు పల్లెలలోనూ ఉంటారు. అది వయసు కాదు, వ్యాధి అని వారికి చెప్పేవారే అరుదు.

ఆసుపత్రులే చాలని దేశంలో పరిశోధనకు ధనమెక్కడిదని కొందరి ప్రశ్న. ఆ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. నరాల వైద్యుల కొరత నిజం. కాని 1937 నాటి పరిశీలనకు గొప్ప యంత్రాలు అక్కరలేదు. బావినీటిని పరీక్షించే ప్రయోగశాల, పల్లెకు వెళ్లే ఓపిక చాలాయి. వైద్యానికీ పరిశోధనకూ పోటీ పెట్టడం విత్తనానికీ నీటికీ పోటీ పెట్టడం వంటిది.

అసలు చిక్కు నిధుల పరిమాణంలో ఉంది. 2020-21లో భారతదేశం అన్ని రకాల పరిశోధనలకూ కలిపి చేసిన వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. దక్షిణ కొరియా 4 శాతం దాటింది. 1999లో మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఏర్పడింది. బెంగళూరులోనూ, మద్రాసు ఐ.ఐ.టి.లోనూ గొప్ప కేంద్రాలు ఉన్నాయి; గర్భస్థ శిశువు మెదడు పటాన్ని మద్రాసు వారు 2024లో విడుదల చేశారు. అయితే ఈ రెండూ ప్రధానంగా దాతల ఔదార్యంతో వెలసినవి. ఔదార్యం ప్రశంసనీయమే, కాని అది విధానం కాజాలదు. దాత మనసు మారితే ప్రయోగశాల దీపం ఆరిపోరాదు.

కాబట్టి అంతరిక్షానికి వలె మెదడుకు కూడా కేంద్ర బడ్జెట్‌లో ప్రత్యేకమైన పద్దు ఉండాలి. అది ఏడాదికేడాది తగ్గించే పద్దు కాక, కనీసం పది సంవత్సరాలకు మాట ఇచ్చిన పద్దు కావాలి. అందులో ఒక నిర్ణీత భాగం మహానగరాలను దాటి జిల్లా ఆసుపత్రులకు, వైద్య కళాశాలలకు చేరాలి. పక్షవాతం, మూర్ఛ, మతిమరుపు, మెదడువాపు రోగుల వివరాలను అక్కడ ఏటేటా నమోదు చేయాలి. పొదిలి మెట్టలో బావినీటిని, మైపాడు తీరంలో వృద్ధుల జ్ఞాపకశక్తిని ఒకే పరిశోధక బృందం పరీక్షించగలిగే రోజుకు ఆ నమోదు పుస్తకమే మొదటి మెట్టు.