ఆడు మొద్దు కాదు బావూ

మీ ఊరి బడిలోనూ ఓ గుంటడుంటాడు. ఎస్.కోట సంతలో కూరగాయలకి ఎంతయ్యిందో నోటితోనే లెక్క కట్టేస్తాడు. సైకిలు చైను ఊడితే చిటికెలో ఎక్కించేస్తాడు. తెలుగు వాచకం ముందు పెడితే మాత్రం చెమటలు పట్టేస్తాయి. 'మ'ని 'య' అని చదువుతాడు, వత్తులు ఎగరగొట్టేస్తాడు. బోర్డు మీద మాట నోటుబుక్కులోకి వచ్చేసరికి సగమైపోతాది. బడిలో "మొద్దు" అంటారు. ఇంట్లో "ఆడికి సదువు అబ్బనేదమ్మా" అని ఊరుకుంటారు.

దీనికి పేరుంది, డిస్లెక్సియా. చూపు, వినికిడి, తెలివి బాగానే ఉంటాయి. శబ్దాన్ని అక్షరంతో ముడెయ్యడం దగ్గరే మెదడు తడబడతాది. పైగా మన తెలుగులో గుణింతాలు, వత్తులు కలిస్తే వందల రూపాలు. అలాగని చదవలేని ప్రతి పిల్లాడికీ ఇదే ఉందనుకోకూడదు. అరకు రోడ్డెంట కొండ ఊళ్లలో ఇంటి మాట వేరు, బడి మాట వేరు. బడి మానేసి పనికెళ్లే పిల్లలూ ఉంటారు. ఏది ఏటో తేల్చాలంటే పరీక్ష చెయ్యాల.

ఆ తేల్చే పని ఎవరిది? 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 వైకల్యాలే ఉండేవి, ఇది లేదు. 2007లో 'తారే జమీన్ పర్' చూసి ఏడ్చినోళ్లం బోల్డుమందిమి. చట్టంలోకి మాత్రం 2016లో గాని ఎక్కలేదు. అప్పుడు వైకల్యాలు 21 అయ్యాయి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తించాల్సింది బడే. 17వ సెక్షన్ ఐదేళ్లకోసారి బడిపిల్లల సర్వే చెయ్యమంటాది. అంటే కూలికెళ్లే అమ్మ కనిపెట్టాల్సిన సంగతి కాదిది.

మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. నడవలేని పిల్లల్ని, వినపడని పిల్లల్ని అక్కడికి పంపాలని ఎవరికైనా తడతాది, ఆళ్ల కష్టం కంటికి కనపడతాది కాబట్టి. ఈ గుంటడి కష్టం జవాబు పేపరు మీదే కనపడతాది. దాన్ని మనం తక్కువ మార్కులంటాం. పదిలో తప్పితే ఇశాపట్నమో హైదరాబాదో కూలికి పంపేస్తాం.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లు నిండితే సర్టిఫికెట్‌కి పరీక్షించొచ్చు. వైకల్యం ఉందని తేలితే పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనం, అవసరమైతే రాసిపెట్టే మనిషి. మూడు గంటల పేపరుకి ఇంకో గంటన్నమాట. హాల్ టికెట్లొచ్చాక పరిగెడితే ఇవేవీ అందవు. మూడో తరగతి నుంచే అడగాల.

ఇంట్లో అలాంటి తమ్ముడుంటే పాఠం మీరు చదివి వినిపించండి, జవాబు నోటితో చెప్పించుకోండి. పదిమందిలో నిలబెట్టి చదివించొద్దని మాస్టారికి చెప్పండి. భవిత టీచరుకి చూపించాలని హెడ్మాస్టారికి అమ్మానాన్నల పేరుతో కాయితం మీద రాసివ్వండి. తేదీ వేయించుకుని ఓ కాపీ ఇంట్లో ఉంచుకోండి.