గుడిసెలలో నుండి వచ్చిన పేరు



మా సంఘములో ఒక యౌవన దంపతులు తమ బిడ్డకు పేరు పెట్టుమని మా యొద్దకు వచ్చిరి. "కాటన్ అని పెట్టండి అయ్యగారూ" అని తండ్రి కోరెను. ప్రక్కనున్న మామ్మగారు, "కాటనంటే పత్తి కదండీ! పిల్లోడికి అదేం పేరు?" అనిరి. అందరము నవ్వితిమి.

అయితే ఈ పేరు పత్తి కాదు. బట్టకు వాడు కాటన్ అను మాట అరబ్బీ భాషలో నుండి వచ్చినది. ఇంటిపేరైన కాటన్ పాత ఇంగ్లీషులో నుండి వచ్చినది. "గుడిసెల యొద్ద" అని దాని అర్థము. ఇంగ్లాండులో ఆ పేరుగల పల్లెలు అనేకము. అచ్చటివారు వేరొక చోట స్థిరపడగా ఊరిపేరే ఇంటిపేరైనది. మనలోను ఊరిపేరే ఇంటిపేరైన కుటుంబములు ఎన్ని లేవు!

ఆ పేరు ఎంత దూరము వెళ్ళెనో చూడుడి. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) ప్రాచీన చేతివ్రాత ప్రతులను సేకరించెను. లిండిస్‌ఫార్న్ సువార్తలు అను అమూల్యమైన ప్రతి ఆయన గ్రంథాలయములో భద్రమై నేటికిని నిలిచియున్నది. అమెరికాలో కాటన్ మేథర్ (1663–1728) అను బోధకునికి తల్లి పుట్టింటి పేరే స్వంత పేరైనది. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాల (1865) కలకత్తా బిషప్పైన జార్జి కాటన్ పేరు ధరించినది. గౌహతిలో 1901లో ఆరంభమైన కాటన్ కళాశాల, నేటి విశ్వవిద్యాలయము, హెన్రీ కాటన్ పేరు మీదిది.

మన కాటన్ దొర, సర్ ఆర్థర్ కాటన్ (1803–1899), ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలుపెట్టించగా 1852లో పూర్తియైనది. పి.గన్నవరములో పాత అక్విడెక్టు కట్టించిన హేగ్ అను ఇంజనీరు పేరు కూడ స్కాట్లాండులో పేరొందిన ఇంటిపేరే. అది మనలో ఎందరికి తెలియును? రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఎవరు వ్రాసియుంచిరి? అయినను కాలువలలో నీరు పారుచునే యున్నది. రైతులు దొర విగ్రహమునకు దండ వేయునది ఆయన ఇంటిపేరు గొప్పదని కాదు, చేసిన పనిని బట్టియే.

ఒక సంగతి బాధతో వ్రాయుచున్నాము. మన విశ్వాసుల ఇండ్లలో సంబంధము చూచునప్పుడు మొదటి ప్రశ్న, "ఇంటిపేరేమిటి?" అని. దగ్గర బంధుత్వము తెలిసికొనుటకైతే మంచిదే. కాని దానినిబట్టి కులము తూచి, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారిని తక్కువ చేయుట తగునా? ఆ ప్రశ్న మా యెదుటనే అడుగగా విని మేమును ఊరకుంటిమి. అది మా తప్పే.

మన ప్రభువును నతనయేలు మొదట ఊరిపేరును బట్టియే తూచెను (యోహాను 1:46). కాని ఫిలిప్పు వాదింపక, వచ్చి చూడుమని పిలిచెను. నతనయేలు వచ్చెను, చూచెను, ఒప్పుకొనెను.

ఆ బిడ్డకు ప్రతిష్ఠ దినమున కాటన్ అనియే పేరు పెట్టితిమి. మామ్మగారే ముందుగా ఆ పేరున పిలిచిరి. ప్రియులారా, ఈసారి మీ ఇంట సంబంధము మాట వచ్చినప్పుడు, ఆ పిల్లవాడు ఎట్టివాడు, ఆ పిల్ల ఎట్టిది అని మొదట అడుగుడి. ఇంటిపేరు తరువాత అడుగవచ్చును.

ప్రభువు మనకు ఆ మనస్సు దయచేయును గాక. ఆమేన్.