మెడలో బిళ్ల, గోడల్లో కళ్లు

ప్రిన్సెస్ క్రూజెస్ సంస్థ విహార నౌకల్లో ప్రయాణికుడి చేతికి గది తాళంచెవి ఇవ్వరు. నాణెమంత గుండ్రటి బిళ్ల ఒకటి ఇస్తారు. కొందరు దాన్ని తాడుకు కట్టి మెడలో వేసుకుంటారు, కొందరు మణికట్టు పట్టీకి తగిలించుకుంటారు. జేబులో పడేసుకున్నా పని జరిగిపోతుంది. దాని పేరు ఓషన్ మెడాలియన్. మాతృసంస్థ కార్నివల్ కార్పొరేషన్‌కు అప్పట్లో అధిపతిగా ఉన్న ఆర్నాల్డ్ డొనాల్డ్ 2017 జనవరిలో లాస్ వేగస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దీన్ని ప్రకటించారు. బిళ్లకు స్విచ్ లేదు, తెర లేదు, ఛార్జింగ్ పెట్టే పని లేదు. మనిషి దగ్గరకు రాగానే గది తలుపు గడియ తనంతట తానే విడుతుంది. బారులో, దుకాణంలో బిల్లు దానితోనే చెల్లుతుంది. ఫోన్‌లో కాఫీ అడిగితే, అడిగినవారు పై డెక్ మీదున్నా ఈతకొలను పక్కనున్నా సిబ్బంది నేరుగా అక్కడికే తెచ్చి ఇస్తారు. భార్య ఏ అంతస్తులో ఉందో, పిల్లలు ఏ ఆటల గదిలో ఉన్నారో ఫోన్‌లో పటం మీద కనిపిస్తుంది.

ఈ ఏర్పాటు వెనకున్న జాన్ పాడ్జెట్ అంతకుముందు డిస్నీలో పనిచేశారు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో 2013లో మొదలైన మ్యాజిక్ బ్యాండ్ రూపకర్తల్లో ఆయనొకరు. ఆ పట్టీ, దాని వెనకున్న వ్యవస్థ కోసం డిస్నీ దాదాపు 100 కోట్ల డాలర్లు వెచ్చించిందని అప్పట్లో వార్తలొచ్చాయి. పట్టీ ఇంకా సందర్శకుల చేతికి అందకముందే, అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు ఎడ్ మార్కీ, అది పిల్లల గురించి ఏమేం సేకరిస్తుందో చెప్పమని డిస్నీకి లేఖ రాశారు. ఉద్యానవనం నుంచి నౌకకు మారేసరికి ఆ ప్రశ్నకు తీవ్రత పెరిగింది. ఉద్యానవనానికి వెళ్లినవాడు సాయంత్రానికి పట్టీ తీసి గేటు దాటగలడు. నౌకలో వారం రోజుల పాటు తిండి, నిద్ర, స్నానం, వినోదం, వైద్యం అన్నీ ఒకే కంపెనీ గోడల మధ్య జరుగుతాయి.

ఈ సాంకేతికతలో రెండు భాగాలున్నాయి. గోప్యతకు సంబంధించిన చిక్కంతా వాటి మధ్య తేడాలోనే ఉంది. ఒకటి, ఎన్‌ఎఫ్‌సీ. బిళ్లను యంత్రానికి ఆనించినంత దగ్గరగా, కొన్ని సెంటీమీటర్ల దూరంలో పెడితేనే అది పలుకుతుంది. మెట్రో కార్డు, ఆనిస్తే చెల్లింపు జరిగే బ్యాంకు కార్డు ఇలాంటివే. రెండోది, తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్. ఇది ఎవరూ అడగకుండానే తన గుర్తింపు సంకేతాన్ని ఆగకుండా పంపుతుంటుంది. నడవల్లో, హాళ్లలో, డెక్‌ల మీద అమర్చిన సెన్సర్లు ఆ సంకేతాన్ని అందుకుని, అది ఎంత బలంగా వినిపిస్తోందన్నదాన్ని బట్టి బిళ్ల ఎక్కడుందో లెక్కగడతాయి. ఈ విధానం మొదట వచ్చిన రీగల్ ప్రిన్సెస్ నౌకలో అలాంటి సెన్సర్లు దాదాపు 7,000 ఉన్నాయి. నౌక సామర్థ్యం 3,560 మంది ప్రయాణికులు. అంటే మనిషికి రెండేసి సెన్సర్లు.

నౌకల్లో ప్రయాణికుల కదలికలు నమోదు కావడం కొత్తేమీ కాదు. ప్లాస్టిక్ కార్డుల కాలంలోనూ తలుపు ఎప్పుడు తెరిచారు, ఏం కొన్నారు, రేవులో ఎప్పుడు దిగారు, ఎప్పుడు ఎక్కారు అన్నవి కంప్యూటర్లో ఉండేవి. కానీ కార్డు తాకించినప్పుడే నమోదు జరిగేది, తాకించింది తానేనని ప్రయాణికుడికి తెలిసేది. రాయల్ కరీబియన్ 2014లో క్వాంటమ్ ఆఫ్ ద సీస్ నౌకతో తెచ్చిన వావ్ బ్యాండ్ కూడా ఇలా తాకిస్తే పనిచేసేదే. గది తెరుచుకోవడానికీ బిల్లు కట్టడానికీ అది సరిపోయింది. బ్లూటూత్ బిళ్లతో మాత్రం, ప్రయాణికుడు ఏమీ చేయకపోయినా నమోదు సాగుతూనే ఉంటుంది. కాబట్టి సౌకర్యం కావాలంటే జాడ వదులుకోక తప్పదన్న వాదనలో సగమే నిజం. తలుపుకీ బిల్లుకీ జాడ అక్కరలేదు. వెతుక్కుంటూ వచ్చి పానీయం అందించడానికీ, పటం మీద కుటుంబాన్ని చూపడానికీ మాత్రమే అది కావాలి.

బిళ్లలో వ్యక్తిగత సమాచారం ఏదీ ఉండదని కంపెనీ చెబుతుంది. ఆ మాట నమ్మదగ్గదే. బిళ్లలో ఉండేది ఒక గుర్తింపు సంఖ్య. పేరు, ఫోటో, పాస్‌పోర్టు వివరాలు, కార్డు నంబరు సర్వర్లలో ఉంటాయి. బిళ్ల సముద్రంలో పడిపోయినా దొరికినవాడికి ఏమీ తెలియదు. అయితే ప్రయాణికుడి భయం బిళ్ల పోతుందని కాదు. జాడ పోగుపడేది సర్వర్లో. అక్కడ అది ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూడగలరు, మరే సమాచారంతో కలుస్తుంది అన్నవే అసలు ప్రశ్నలు. బిళ్ల ఎంత భద్రమో చెప్పే సమాధానం వీటికి చాలదు. యాప్‌లో తన ఉనికిని తోటివారికి కనబడకుండా ఆపుకున్నా, ఆ మరుగు తోటి ప్రయాణికుల నుంచే తప్ప వ్యవస్థ నుంచి కాదు.

జాడ ఎంత చెబుతుందో తక్కువగా అంచనా వేయడం అలవాటైపోయింది. ఒక మనిషి రోజూ ఎన్ని గంటలు బారులో గడిపాడు, క్యాసినోలో ఏ వేళ దాకా కూర్చున్నాడు, వైద్య కేంద్రానికి ఎన్నిసార్లు వెళ్లాడు, ప్రార్థనా సమావేశానికి హాజరయ్యాడా, రాత్రి ఎవరి గదిలో ఉన్నాడు... ఇవన్నీ నడకలోంచే బయటపడతాయి. ఏదీ ఆయన నోటితో చెప్పనక్కరలేదు. పేర్లు తీసేస్తే చాలన్న భరోసా కూడా బలహీనమైనదే. 15 లక్షల మంది మొబైల్ ఫోన్ జాడలను పరిశీలించి 2013లో వెలువడిన ఒక అధ్యయనం, పేర్లు లేకపోయినా కేవలం నాలుగు స్థల-కాల బిందువులతో 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని చూపింది. అది టవర్ల స్థాయి సమాచారం. నౌకలో సెన్సర్ల జాడ అంతకంటే చాలా సూక్ష్మం, మనుషులు చాలా తక్కువ.

దీని ప్రయోజనాలను తేలిగ్గా తీసేయడం కూడా న్యాయం కాదు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా రాతిని ఢీకొని ఒరిగిపోయినప్పుడు నౌకలో 4,200 మందికి పైగా ఉన్నారు. 32 మంది చనిపోయారు. చివరి మృతదేహం 2014 నవంబరులో గానీ దొరకలేదు. ఆ చివరి వ్యక్తి నౌకలో వెయిటరుగా పనిచేసిన భారతీయుడు. ఎవరు పడవలెక్కారు, ఎవరు లోపల చిక్కుకున్నారు అన్నది వెంటనే తెలిసే ఏర్పాటు ఉంటే సహాయక బృందాలకు ఎంత మేలో చెప్పనక్కరలేదు. సముద్రంలో పడిపోయినవారి విషయమూ అంతే. 2010 నాటి అమెరికా క్రూజ్ నౌకల భద్రతా చట్టం, మనిషి నీట పడితే గుర్తించే లేదా చిత్రీకరించే సాంకేతికతను అందుబాటులో ఉన్నమేరకు అమర్చాలని కోరింది. ఒక ప్రయాణికుడు కనిపించకపోతే, చివరి సంకేతం ఏ డెక్ మీద ఏ నిమిషాన అందిందో తెలిస్తే వెతకాల్సిన సముద్రం ఎంతో తగ్గుతుంది.

కొవిడ్ కాలంలో ఈ అవసరం మరింత బలపడింది. 2020 ఫిబ్రవరిలో యొకోహామాలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉండగా 712 మందికి వైరస్ సోకింది. నౌకలో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ప్రయాణాలు మళ్లీ మొదలైనప్పుడు ఎమ్‌ఎస్‌సీ సంస్థ మధ్యధరాలో, రాయల్ కరీబియన్ సింగపూర్‌లో ఎవరెవరు దగ్గరగా మసలారో నమోదుచేసే పట్టీలు కట్టించాయి. 2020 డిసెంబరులో క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో ఒకరికి పాజిటివ్ అని తేలడంతో నౌక సింగపూర్‌కు తిరిగొచ్చింది. తర్వాతి పరీక్షల్లో ఆయనకు వైరస్ లేదని తేలింది.

ఆపద కోసం సేకరించినది ఆపదకే పరిమితం కాదని కూడా అదే సింగపూర్ చూపించింది. వైరస్ సోకినవారి పరిచయాలను గుర్తించడానికే అంటూ అక్కడి ప్రభుత్వం ట్రేస్ టుగెదర్ యాప్‌నూ, చేతి పరికరాన్నీ ప్రజలకిచ్చింది. ఆ సమాచారం నేర దర్యాప్తుకు పోలీసుల చేతికీ వెళ్లగలదని 2021 జనవరిలో పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. విమర్శలు రావడంతో మరుసటి నెలలోనే, తీవ్రమైన నేరాలకే దాన్ని పరిమితం చేస్తూ చట్టం చేశారు. అక్కడ పార్లమెంటు ఉంది, అడిగే సభ్యులున్నారు, కనీసం సవరించుకునే మార్గం ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ తన విధానపత్రంలో ఒక వాక్యం మార్చినప్పుడు ఆ అవకాశం కూడా లేదు.

కంపెనీ సర్వర్ల భద్రత మీద నమ్మకం పెట్టుకోవాలంటే దాని చరిత్ర చూడాలి. 2019లో కార్నివల్ ఉద్యోగుల ఈమెయిల్ ఖాతాల్లోకి చొరబాటు జరిగింది. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, చెల్లింపు కార్డుల నంబర్లు, ఆరోగ్య వివరాలు బయటపడ్డాయి. అమెరికాలోనే దాదాపు 1,80,000 మంది బాధితులు. బాధితులకు కబురందింది 2020 మార్చిలో. ఆ ఏడాది ఆగస్టులో డబ్బు కోసం సమాచారానికి తాళమేసే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 2021 దాకా చొరబాట్లు ఆగలేదు. చివరికి 2022 జూన్‌లో న్యూయార్క్ ఆర్థిక సేవల శాఖ 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే నెలలో 46 రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో 12.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. న్యూయార్క్ అధికారులు ఎత్తిచూపిన లోపాల్లో, ఒక్క పాస్‌వర్డ్‌తో సరిపెట్టకుండా రెండో ధ్రువీకరణ కూడా అడిగే మామూలు జాగ్రత్త పాటించకపోవడం ఒకటి. ఈ దాడుల్లో పోయింది ప్రయాణికుల కదలికల జాడ కాదు. కానీ పాస్‌పోర్టు పోతే కొత్తది తీసుకోవచ్చు, ఒక వారం నడక బయటపడితే వెనక్కి తీసుకునే దారి లేదు.

అన్యాయం జరిగితే ఎక్కడ అడగాలన్నది మరో ముడి. కార్నివల్ మొదట నమోదైంది పనామాలో, ప్రధాన కార్యాలయం ఫ్లోరిడాలో, రీగల్ ప్రిన్సెస్ మీద ఎగిరేది బెర్ముడా జెండా. ప్రయాణికుడు ఏ దేశంవాడైనా కావచ్చు. 2018 మే నుంచి అమలైన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, ఐరోపాలో ఉన్నవారికి సేవలు అమ్మే సంస్థలు ఎక్కడివైనా వర్తిస్తుంది. మిగతా చాలామందికి మిగిలేది టికెట్ ఒప్పందమే. ఆ కాగితం బలమెంతో 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కార్నివల్ క్రూజ్ లైన్స్ వర్సెస్ షూట్ తీర్పు చూపుతుంది. నౌకలో జారిపడిన వాషింగ్టన్ రాష్ట్ర మహిళ తన రాష్ట్రంలో దావా వేస్తే, వివాదాలన్నీ ఫ్లోరిడా కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్ మీద అచ్చేసిన షరతు చెల్లుతుందని కోర్టు చెప్పింది. బేరమాడే అవకాశమే లేని షరతు అది. గోప్యతా సమ్మతి కూడా ఇదే తీరులో వస్తుంది. డబ్బు కట్టి, సెలవు పెట్టుకుని, రేవుకు చేరినవాడు షరతు నచ్చలేదని వెనక్కి తిరగడు. నెలల తరబడి నౌకలోనే బతికే సిబ్బందికైతే ఆ ఎంపిక ఇంకా తక్కువ.

కాబట్టి సమ్మతిని ఒకే మూటగా తీసుకోవడం సరికాదు. తలుపూ బిల్లూ తాకిస్తేనే పనిచేసే మార్గం కోరినవారందరికీ ఉండాలి. అత్యవసర భద్రతకు ఇప్పుడు ఎక్కడున్నారన్నదే చాలు, నిన్నటి నడక అక్కరలేదు. కాబట్టి జాడను కొన్ని గంటలకు మించి దాచాల్సిన పని లేదు, ప్రయాణం ముగిశాక అసలే లేదు. అలవాట్లను విశ్లేషించి అమ్మకాలు పెంచుకోవడానికి విడిగా అడగాలి. కాదన్నవారికి ఏ సేవా తగ్గకూడదు. ఇందులో సాంకేతికంగా అసాధ్యమైనదేదీ లేదు.

తెలుగువారికి ఈ వ్యవహారం దూరమేమీ కాదు. 2022 జూన్‌లో కార్డీలియా నౌక విశాఖకు వచ్చింది, 2023 సెప్టెంబరులో అక్కడ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ పునాది మీద వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, భారత్‌లో ఉన్నవారికి సేవలు అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తుంది. గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. 18 ఏళ్లలోపు వారి కదలికలను వెంబడించడాన్నీ, ప్రవర్తనను గమనించడాన్నీ అది నిషేధించింది. పిల్లల భద్రత కోసం వారు ఆ క్షణాన ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఆ చట్టం నియమావళి మినహాయింపునిచ్చింది. తల్లిదండ్రులు పటం మీద బిడ్డను వెతుక్కోవడం ఆ మినహాయింపులో ఇముడుతుంది, ఆ నడకను దాచి విశ్లేషించడం ఇమడదు. పెద్దల విషయంలో ఇంత స్పష్టత లేదు. తొలి ముసాయిదాల్లో ఉన్న సున్నిత సమాచారం అనే ప్రత్యేక వర్గాన్ని చట్టం వదిలేసింది కాబట్టి, వయోజనుడి వారం రోజుల జాడకూ ఆయన ఈమెయిల్ చిరునామాకూ ఒకే స్థాయి రక్షణ. 2025 నవంబరులో ప్రకటించిన నియమావళి ప్రకారం సంస్థల ప్రధాన బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో.