మోకాళ్లు బాయికిచ్చినోళ్లు

సింగరేణి బొగ్గుగనుల ఊరు రామకృష్ణాపూర్ కార్మికవాడల్లో ‘మోకాలి గుజ్జు అరిగింది’ అన్న మాట బీపీ, షుగర్ అన్నంత మామూలైపోయింది. యంత్రాలు రాని తట్టా చెమ్మస్ కాలంలో వంగి బొగ్గెత్తినవాళ్లు, టబ్బులు నెట్టినవాళ్లు, రోజూ బాయిలో (గనిలో) డిప్పులు, అంటే ఏటవాలు దారులు, దిగి ఎక్కినవాళ్లు ఇప్పుడు రెండు మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నారు. వాళ్ల దగ్గర గ్రాట్యుటీ డబ్బుందని తెలిసినవాళ్లు ఊరికే ఉంటారా? ‘ఆపరేషన్ అక్కర్లేదు, ఒక్క స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అన్న ప్రకటనలు ఫోన్లలోకి వచ్చేశాయి. నాకు కోపం తెప్పించేది ఆ ‘పెరుగుతుంది’ అన్న హామీయే.

మూలకణాల (స్టెమ్ సెల్) వైద్యం బూటకం కాదు. రసాయనాలు పడి కాలిన నల్లగుడ్డు పైపొరను హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచీ మూలకణాలతోనే బాగుచేస్తోంది. మోకాలు వేరు. గుజ్జులో రక్తనాళాలు ఉండవు కాబట్టి అరిగింది దానంతట అది పూడదు. మోకాలి అరుగుదలకు బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన మూలకణాల మందుకు 2022లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతి వచ్చింది. దాతల ఎముక మజ్జ నుంచి పెంచిన రెండున్నర కోట్ల కణాలను కీలులోకి ఎక్కిస్తారు. 146 మందిపై చేసిన పరీక్షలో నొప్పి తగ్గింది. కానీ అది అరుగుదల రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్లకే. రిటైరయ్యేదాకా నొప్పి ఓర్చుకుని డ్యూటీ చేసిన మనిషి మోకాలు ఆ దశలు దాటిపోయి ఉంటే, ఆ సూది అతనికి కాదు.

అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 475 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2023లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చాయి. మూడు రకాల కణాల ఇంజెక్షన్లను పోల్చిచూస్తే, ఏడాది తర్వాత ఏ ఒక్కటీ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి లేని మూలకణ చికిత్సను ప్రయోగంగానే చేయాలి, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఇంజెక్షన్‌కు ముందు అడగాల్సింది రెండే: నా మోకాలు ఎన్నో దశలో ఉంది? ఈ మందుకు అనుమతి ఉందా? జవాబు కాగితం మీద రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

అసలు ఆ ముసలి కార్మికుడు ఒంటరిగా బేరమాడాల్సిన గతి ఎందుకు పట్టింది? బ్రిటన్‌లో 2009 నుంచీ బొగ్గుగని కార్మికుల మోకాళ్ల అరుగుదల వృత్తి వ్యాధి. కనీసం పదేళ్లు భూగర్భంలో పనిచేసినవాళ్లకు పరిహారం దక్కుతుంది. మన దగ్గర చట్టం ప్రకటించిన వృత్తి వ్యాధుల్లో సిలికోసిస్ ఉంది, మోకాళ్ల అరుగుదల లేదు. కార్మికులకు నిర్ణీత కాలానికోసారి చేసే వైద్య పరీక్ష (పీఎంఈ)లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, మోకాలి ఎక్స్‌రే ఊసే లేదు. నలభై ఏళ్లు దాటిన ప్రతి భూగర్భ కార్మికుడికీ అది తీయాలి. తొలిదశలోనే పట్టుకుంటే తొడకండరాల వ్యాయామం, బరువు తగ్గడం, తేలికపాటి డ్యూటీతో చాలా నొప్పి తప్పుతుంది. ఇక్కడి సింగరేణి ఏరియా ఆసుపత్రిలో మోకాళ్ల పరీక్షకు వారానికో రోజు కేటాయించాలని, ఈసారి డిమాండ్ల పత్రంలో ఆ ఎక్స్‌రేను చేర్చాలని అన్ని కార్మిక సంఘాలనూ అడుగుతున్నాను.