బొచ్చుకుక్క ముచ్చట మూన్నాళ్లేనా?

సిద్దిపేట: జిల్లాలోని పల్లెల్లో ఇటీవల అరుగుల మీద ఒక కొత్త కాపలాదారు కనబడుతున్నాడు. తెల్లటి బొచ్చు, నక్క మూతి, వీపు మీదికి తిరిగిన తోక. మూరెడు ఎత్తు ఉండదు గాని అరుపు మాత్రం వాడకట్టు చివరిదాకా వినబడుతుంది. దాని పేరు పమేరియన్. ఆ పేరు నోరు తిరగని పల్లె జనం బొచ్చుకుక్క అని పిలిచి ఊరుకుంటున్నారు. ముక్కు చప్పిడిగా, ముఖమంతా ముడతలుగా ఉండే పగ్, కళ్ల మీదికి వెంట్రుకలు వేలాడే షిట్జు కూడా అక్కడక్కడ కనిపిస్తున్నాయి. ఒకప్పుడు పట్నం బంగళాల్లో మాత్రమే కనిపించే ఈ జాతులు ఇప్పుడు దుబ్బాక, చేర్యాల, హుస్నాబాద్ వైపు పెంకుటిళ్లకు కూడా చేరాయి.

విశేషమేమంటే, వీటిని కొన్నవారు ఒకరు, సాకుతున్నవారు మరొకరు. కొడుకో కోడలో హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పిల్లలు మారాం చేశారని వేలు పోసి కుక్కపిల్లను కొంటారు. 2020లో కరోనా వచ్చి ఆఫీసు పని ఇంటినుంచే చేసిన రోజుల్లో ఈ సరదా మరింత పెరిగింది. తర్వాత ఆఫీసులు తెరిచారు, బడులు తెరిచారు. పొద్దంతా తాళం వేసిన ఇంట్లో కుక్క అరిస్తే పక్కవాటా వారు ఊరుకోరు, ఇంటి ఓనరు అసలే ఊరుకోడు. అప్పుడు గుర్తుకు వచ్చేది ఊరు. "అవ్వా, జర దీన్ని చూస్కో, పండుగకొచ్చి తీస్కపోతం" అని అప్పగించి పోతారు. పండుగ వస్తుంది, పోతుంది. కుక్క మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

అడగకుండా వచ్చిన ఈ బాధ్యత ఎలాంటిదో సాకే వారికి తప్ప ఇతరులకు తెలియదు. కోడి కూయక ముందే అది లేస్తుంది. గొలుసు విప్పి బయట తిప్పకపోతే సాన్పి చల్లిన వాకిట్లోనే పని కానిస్తుంది. వాన పడినా, నాట్లు ఉన్నా దానికి ఆగదు. చుట్టాల ఇంట్లో లగ్గమైతే ముసలి దంపతుల్లో ఒకరు పోవాలి, ఒకరు ఇంటి దగ్గర ఉండాలి. ఇద్దరూ కలిసి పోయి రాత్రికి ఉండి వచ్చే రోజులు పోయాయి. పక్కింటికి అప్పగిస్తే అన్నం ముట్టదు, తలుపు సందుకు ముక్కు ఆనించి పడుకుంటుంది. బర్రెకు గడ్డి వేసి పోతే సాయంత్రం దాకా నిశ్చింత. మేకను ఎవరి మందలోనైనా తోలవచ్చు. ఈ కుక్క గడ్డితో, మందతో సరిపెట్టుకునేది కాదు. దానికి మనిషి కావాలి.

అయితే ఆ మనిషికీ అది కావలసి వస్తున్నదన్నది అంతే నిజం. పిల్లలు పట్నంలోనో గల్ఫ్‌లోనో ఉండి, తోడున్న మనిషి కాలం చేసిన ఇళ్లు ఈ జిల్లాలో వాడకు రెండు మూడు ఉంటాయి. అలాంటి ఇంట్లో పొద్దంతా మాట్లాడే దిక్కు ఉండదు. పొలం నుంచి వచ్చేసరికి తోక ఊపుతూ ఎదురు వచ్చే ప్రాణి అదొక్కటే. తమ మందుబిళ్లలు మరిచినా కుక్కకు అన్నం కలపడం మరువని ముసలివారు ఉన్నారు. ఆ అన్నం కలిపేటప్పుడే తామూ రెండు ముద్దలు తింటున్నారు. ఒంటరి మనిషికి పొయ్యి వెలిగించే కారణం దొరకడం చిన్న సంగతి కాదు.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కకు పాలా?" అని ఎద్దేవా చేసేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నిజానికి ఈ ప్రాంతానికి కుక్క కొత్తది కాదు. కొమురవెల్లి మల్లన్నను కొలిచే గొల్ల కురుమల మందల వెంట కుక్క నడవని రోజు లేదు. రాత్రి మందకు తోడేలు రాకుండా చూసేది అదే. కాలభైరవునికి వాహనం కుక్కే. స్వర్గం గుమ్మం దాకా వెంట వచ్చిన కుక్కను వదిలి లోపలికి రానన్నాడు ధర్మరాజు. కాకపోతే మంద కుక్కకు ఒక పని ఉంది, కూలికి తగ్గ సంకటి ఉంది. బొచ్చుకుక్కకు పని లేదని జనం నవ్వుతున్నారు. తోడుండడమే దాని పని. మనుషులు తరతరాలుగా ఏరి ఏరి దాన్ని ఆ పనికే తయారు చేశారు.

పమేరియన్ పూర్వీకులు చలి దేశాల్లో బండ్లు లాగిన పెద్ద కుక్కలు. నేటి జర్మనీ, పోలండ్ దేశాల్లో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న పొమరేనియా అనే ప్రాంతం పేరే దానికి వచ్చింది. విక్టోరియా మహారాణి 1888లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరం నుంచి ఇలాంటి కుక్కను ఇంగ్లండుకు తెచ్చుకున్న తర్వాత దొరసానుల్లో మోజు పెరిగి, అది అంతకంతకూ ఒళ్లో పట్టేంత చిన్నదైపోయింది. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడినవి మూడే కుక్కలు. వాటిలో రెండు పమేరియన్లు, మూడోది కూడా చిన్న జాతిదే. చంకన పెట్టుకొని పడవ ఎక్కించగలిగారు కనుకనే బతికాయి. మన దగ్గర పమేరియన్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్ అనే దగ్గరి జాతి. తెల్లదొరల కాలంలో ఇక్కడి వాతావరణానికి తగినట్టు పెంచుకొచ్చినది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' హిందీ సినిమాలో టఫీగా కనిపించిన కుక్క ఈ జాతిదే. ఇక పగ్ చైనా రాజుల కొలువులో పెరిగినది. 2003లో హచ్ ఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన తర్వాత దాన్ని మన దేశంలో ఎరుగనివారు లేరు. టీవీలో చూసి ముచ్చటపడిన వారిలో, అంత పొట్టి ముక్కుతో అది ఊపిరి ఎలా తీసుకుంటుందని ఆలోచించినవారు తక్కువ.

ఎండల ముచ్చట ఇక్కడే వస్తుంది. సిద్దిపేటలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పెద్దగా రాదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. ముక్కు, గొంతు ఇరుకుగా ఉన్న పగ్‌కు ఆ రొప్పడం కూడా సరిగా చేతకాదు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కట్టేస్తే సాయంత్రానికి ప్రాణం ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంత పొట్టి ముక్కు కుక్కలను పుట్టించడమే తప్పని నెదర్లాండ్స్ ప్రభుత్వం 2019 నుంచి వాటి పెంపకంపై గట్టి ఆంక్షలు అమలు చేస్తున్నది. బొచ్చుకుక్కకు ముక్కు బాగానే ఉన్నా రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఉక్కపోస్తుందని కొందరు మంగలి కత్తెరతో చర్మం దాకా గీయిస్తున్నారు. అది మేలు చేయదు. చర్మం నేరుగా ఎండకు మాడుతుంది, బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు. రోజూ దువ్వి లోపలి ఊడిన బొచ్చును తీసేయడమే మందు. దువ్వేటప్పుడు చెవుల వెనుక, వేళ్ల సందుల్లో పిడుదులు కూడా దొరుకుతాయి. రక్తం తాగే ఆ పిడుదుల వల్లనే కుక్కకు జ్వరం వచ్చి, చిగుళ్లు పాలిపోయి నీరసించిపోతుంది. నడక పొద్దున ఏడు లోపల, లేదంటే చీకటి పడ్డాక. సిమెంటు రోడ్డు మీద మన అరచేయి ఆనించలేనప్పుడు దాని పాదం కూడా ఆనదు.

తిండి విషయంలో ప్రేమే చేటు చేస్తున్నది. ఆదివారం కోడికూర వండితే ఉడికిన బొక్కలన్నీ దాని ముందు పోస్తారు. ఉడికిన బొక్క సూదిలా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కలిసిన కూర, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ ఇవన్నీ కుక్కకు విషమే. మూడు నాలుగు కిలోల ప్రాణికి కొంచెమైనా ఎక్కువే. మసాలా లేని అన్నం, ఉడికించిన గుడ్డు, బొక్క తీసిన మాంసం చాలు. చిన్న జాతుల్లో పళ్లు త్వరగా చెడిపోతాయి, గొంతు గొట్టం కూడా బలహీనంగా ఉంటుంది. అందుకని మెడకు బిగించి లాగే గొలుసు కన్నా ఛాతీకి వేసే పట్టీ మేలని పశువైద్యులు చెబుతారు.

ఇవన్నీ కుక్క ప్రాణానికి సంబంధించినవి. మనిషి ప్రాణానికి సంబంధించినది వేరే ఉంది. ఊరకుక్క కరిస్తే దవాఖానకు పరుగెత్తేవారు ఇంటి కుక్కపిల్ల పన్ను దిగితే పసుపు అద్ది ఊరుకుంటున్నారు. కొందరు కారం, సున్నం పెడుతున్నారు. "మన కుక్కే గదా, అది బయటికే పోదు" అన్నది వారి ధీమా. రాత్రి అరుగు మీద పడుకున్నప్పుడు దానికి పిల్లితోనో, వీధికుక్కతోనో కొట్లాట జరిగిందా లేదా అన్నది ఎవరు చూశారు? పిచ్చికుక్క వ్యాధికి జాతి తేడా లేదు. దాని లక్షణాలు మనిషిలో బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. వారాలో నెలలో లోపలే దాగి ఉండి బయటపడుతుంది కనుక అప్పటికి పాత గాటు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. పైగా ఈ కుక్కలతో ఆడేది పసిపిల్లలు. ముఖం దగ్గర పెట్టుకొని ముద్దాడుతారు. ముఖం మీది గాటు మెదడుకు దగ్గర కనుక మరింత అపాయం.

గాటు పడినా, గోరు గీసుకుపోయి నెత్తురు వచ్చినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. అదే రోజు సర్కారు దవాఖానకు పోయి మొదటి సూది వేయించుకోవాలి. మిగతా సూదులు డాక్టరు చెప్పిన తేదీల్లో తప్పకూడదు. గాయం లోతైతే గాయంలోనే ఎక్కించే మరో మందు కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయంతో ఇంకా వెనుకాడేవారు ఉన్నారు. ఆ పాత సూదులు మన దేశంలో 2005 నాటికే నిలిచిపోయాయి. ఇప్పటివి చేతికి వేసేవి, నాలుగైదుతో అయిపోతాయి.

కుక్కకు టీకా వేయిస్తే ఇంత దూరం రాదు. మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. దానికి ముందే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో వంటి రోగాలకు వేయించాలి. 1978లో ప్రపంచంలో మొదటిసారి బయటపడిన ఈ పార్వో, పిల్లలకు నెత్తుటి విరేచనాలు పట్టించి రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది. ఏదీ వేయించకుండా, తల్లి పాలు మరవకముందే అమ్మేవారు ఉన్నారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు, పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. కొనేవారు ఆ కాగితం అడిగిన పాపాన పోవడం లేదు.

ఇక మూన్నాళ్ల ముచ్చట తీరాక జరుగుతున్నది చెప్పడానికే కష్టం. కుక్కకు గజ్జి పట్టిందనో, ముసలిదైందనో, ఇంట్లో కాన్పు ఉందనో బండి మీద పెట్టుకొని రాజీవ్ రహదారి పక్కన దింపి వస్తున్నారు. మంద కుక్కను అడవిలో వదిలినా బతుకుతుందేమో. ఒళ్లో పెరిగిన బొచ్చుకుక్కకు ఎండకు నీడ వెదుక్కోవడం రాదు, వీధికుక్కల గుంపు ముందు తోక ముడవడమూ రాదు. లారీ కింద పడకపోతే ఆ రాత్రికి కుక్కల పాలవుతుంది. ఇలా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. పది వేలు పెట్టి కొన్న కుక్కను వదిలేసినందుకు ఒక చాయ్, ఒక సమోసా ఖర్చు. దీన్ని సవరించకుండా ఇన్నేళ్లు గడిపిన వారిని ఏమనాలి?

పన్నెండు, పదిహేనేళ్లు బతికే ప్రాణి ఇది. నేడు ఒకటో తరగతి చదివే పిల్లవాడు ఇంటరు పూర్తి చేసే దాకా ఇంట్లో ఉంటుంది. పట్నంలో కొనే కొడుకు ఆ లెక్క వేసుకోవడం న్యాయం. అరవై దాటిన తల్లికి అప్పగించేటప్పుడు ఆమె వయసు లెక్క కూడా వేసుకోవాలి. టీకా ఖర్చు, ఆటో కిరాయి పంపకుండా "కుక్క ఎట్లున్నది?" అని ఫోనులో అడిగి వీడియోలో చూసి మురిసిపోతే ఆ భారమంతా అవ్వ పింఛను మీద పడుతుంది.

ప్రతి ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేసే ఆనవాయితీ ఉంది. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేసింది ఆ రోజునే. కాగా మండల కేంద్రం దాకా కుక్కను గంపలో పెట్టుకొని ఆటోలో పోవడం ముసలివారికి అయ్యే పని కాదు. ఆటోవాళ్లు ఎక్కించుకోవడమూ అంతంత మాత్రమే. పశువైద్య సిబ్బంది గాలికుంటు టీకాల కోసం ఐసు డబ్బాలు పట్టుకొని ఊరూరికి వస్తూనే ఉన్నారు. అదే డబ్బాలో కుక్కల టీకా సీసాలు కొన్ని పెట్టుకొని రావడానికి అదనంగా అయ్యే ఖర్చు ఏమంత ఉండదు. బర్రెలను పట్టుకొని రమ్మని ఊళ్లో చాటింపు వేయించేటప్పుడు కుక్కలున్నోళ్లు కూడా రావాలని సర్పంచులు ఒక్క మాట కలిపితే చాలు, పంచాయతీ ఆఫీసు దాకా అవ్వ దాన్ని చంకన పెట్టుకొని నడిచి వస్తుంది.