దుష్టుడి దగ్గర కొలువుకు వచ్చిన పిల్ల

గత నెలలో ఒక తండ్రిగారు మాకు పోస్టులో ఒక పుస్తకం పంపారు. పట్నంలో హాస్టలులో ఉండి చదువుకొనే తమ అమ్మాయి సెలవులకు వస్తూ దానిని సంచిలో పెట్టుకొని వచ్చిందట. అంతా బొమ్మలే గాని, ఇందులో మంచివాడెవరో చెడ్డవాడెవరో తేలడం లేదనీ, పిల్లను చదవనివ్వవచ్చునా అనీ ఆయన చీటీలో అడిగారు. తనకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అని కూడా వ్రాశారు. అయినా బొమ్మలు చూసే సరైన ప్రశ్న అడిగారు.

పుస్తకం పేరు ‘నిమోనా’. కథ, బొమ్మలు రెండూ ఎన్.డి. స్టీవెన్‌సన్ గారివే. అమెరికాలో చిత్రకళ విద్యార్థిగా ఉండగా 2012లో కొద్దికొద్దిగా మొదలుపెట్టిన ఈ కథ 2015లో పుస్తకంగా వెలువడింది. ఆ ఏడాదే అక్కడి నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలో నిలిచింది. 2016లో బొమ్మల పుస్తకాలకిచ్చే ఐస్నర్ బహుమానం పొందింది. 2023లో సినిమా కూడా వచ్చింది గాని, అందులో కథను చాలా మార్చారు. మేము చెప్పేది పుస్తకం సంగతి.

మన పెద్దలు చందమామలో కథ చదివి పక్కనున్న బొమ్మ చూసేవారు. ఇందులో అలా కాదు. కథంతా బొమ్మల గళ్ళలోనే నడుస్తుంది, పాత్రల మాటలు బుడగల్లో ఉంటాయి. మొదటి పుటల్లో గీత మొరటుగా ఉంటుంది. పోనుపోను చేయి తిరిగి, చివరి భాగం వేరొకరు వేశారా అనిపిస్తుంది.

1938లో సూపర్‌మ్యాన్ వచ్చినది మొదలు అమెరికాలో మహావీరుల కథలకు లెక్క లేదు. వీరుడున్నచోట ఒక మహాదుష్టుడు ఉండవలసిందే. అతడికొక రహస్య స్థావరం, వింత యంత్రాలు, రాజ్యాన్ని కూలదోసే పన్నాగం ఉంటాయి. వీరుడిని కట్టేసి ఆ పన్నాగాన్ని తీరికగా వివరిస్తాడు. ఈలోగా వీరుడు కట్లు తెంపుకుంటాడు. మన సినిమాల్లోనూ ఇది చూసి చూసి ఉన్నాము. ఆ తంతునే ఈ పుస్తకం ఎగతాళి చేస్తుంది. పేర్లలోనే వెక్కిరింత ఉంది. దుష్టుడి పేరు బ్లాక్‌హార్ట్, అంటే నల్లగుండె. వీరుడి పేరు గోల్డెన్‌లాయిన్, అంటే బంగారు నడుము!

నల్లగుండెవాడి ఇంటికి నిమోనా అనే పిల్ల వచ్చి, నీ దగ్గర పనిలో చేరతానంటుంది. ఆమె ఏ రూపమైనా ధరించగలదు. సొరచేప కావాలంటే సొరచేప, డ్రాగన్ కావాలంటే డ్రాగన్. అతడు పన్నాగం విప్పి చెబుతుంటే, ఇంత తతంగమెందుకు, రాజును చంపేస్తే పోలేదా అంటుంది. అతడు అదిరిపడతాడు. చెడ్డపనికీ పద్ధతులున్నాయి, ఊరకే మనుషులను చంపకూడదు అని దుష్టుడే బోధిస్తాడు! మేము ఇక్కడ బాగా నవ్వుకున్నాము.

ఆ తరువాత మా నవ్వు ఒకచోట ఆగింది. నిమోనా కాపలావారిని నిజంగానే చంపుతుంది. రెండు గళ్ళలో పని ముగిసి మళ్ళీ హాస్యం మొదలవుతుంది. ఆ కాపలావారికీ ఇళ్ళున్నాయి గదా! బ్లాక్‌హార్ట్ ఆమెను మందలించినమాట నిజమే. కాని అతడే తరువాత పాలకుల గుట్టు బయటపెట్టడం కోసం, ప్రాణం తీయనిదే అయినా, జనం తినే ఆపిల్ పండ్లలో విషం పెడతాడు. ఆ పనికి పుస్తకం అతడిని సులువుగా వదిలేసిందని మా అభిప్రాయం.

అయితే అసలు సంగతి వేరే ఉంది. బ్లాక్‌హార్ట్, గోల్డెన్‌లాయిన్ ఒకప్పుడు ప్రాణానికి ప్రాణంగా పెరిగినవారు. వీరులను తయారుచేసే ఒక సంస్థలో శిక్షణ పొందుతుండగా, గుర్రాలపై బల్లెం పోటీలో బ్లాక్‌హార్ట్ గెలిచాడు. అప్పుడే ఎదుటివాడి బల్లెం పేలి ఇతడి చేయి పోయింది. ఒంటిచేతివాడు వీరుడిగా పనికిరాడని సంస్థ తేల్చింది. వీరుడికి ఎదుట ఒక దుష్టుడు కావాలి గనుక ఆ వేషం ఇతడికి దక్కింది. ఆ పేలుడు పొరపాటో కాదో పుస్తకం చివరిలో తెలుస్తుంది. ఇంతకూ నిషిద్ధమైన విషపుమొక్కను రహస్యంగా పోగుచేస్తున్నది ఆ సంస్థే.

ఇది చదువుతుండగా మాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. మేము ఒక పల్లె బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఏటా వార్షికోత్సవ నాటకంలో దొంగ వేషం ఒకే పిల్లవాడికి ఇచ్చేవారము. గొంతు మొరటు, ఒళ్ళు నలుపు, చూపు చురుకు. వేషానికి సరిపోయాడనుకున్నామే గాని మరొకటి తలచలేదు. మూడవ ఏటికి తరగతిలో బలపం పోయినా అందరూ వాడివైపే చూసేవారు. ఒకసారి మేమూ చూశాము. బలపం కిటికీలో దొరికింది. మరునాటినుండి వాడు బడికి రాలేదు.

నిమోనా కోపం ఎక్కడనుండి పుట్టిందో చూపే పుటలు అందుకే మాకు భారమయ్యాయి. చిన్ననాడు ఆమెను చూసి జనం భయపడ్డారు, రాక్షసి అన్నారు. చివరికి ఆమె రాక్షస రూపమెత్తి ఊరిమీద పడినప్పుడు, ఆ రూపం ఒకవైపు, భయపడిన చిన్నపిల్ల మరొకవైపు విడివిడిగా కనిపిస్తారు. అక్కడ ఎగతాళి ఏమీ మిగలదు. బ్లాక్‌హార్ట్ ఏమి చేశాడో మేము చెప్పము.

ఇక తండ్రిగారికి మా జవాబు. పదమూడు, పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు చదవవచ్చును. చిన్నవారికి మాత్రం వద్దు. నరుకులాటలు, రక్తం ఉన్నాయి. అమ్మాయి చదివాక, ఆ కాపలావారి మరణం గురించి ఏమనుకున్నదో అడగండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అమ్మాయినే ఒక్కొక్క పుట తెలుగులో చెప్పమనండి. మధ్యలో ఆపి మీ ప్రశ్నలు మీరు వేయండి. పుస్తకం పోస్టులో తిరిగి పంపుతున్నాము. సెలవులు ముగియకముందే చేరుతుందని తలుస్తున్నాము.